చదవకుండానే చదివానన్న పేపరు

ఈ రోజు ఖమ్మంలో మా కాలేజీలో పోస్టర్ల ప్రదర్శన జరిగింది. అతిథిగా వచ్చిన మేడం మెదడు మీద పరిశోధన చేస్తారు. సొంతూరు తల్లాడ దగ్గరే. నా పోస్టర్‌కు ఆధారంగా ఆమె పరిశోధన పత్రాన్నే చూపించానని నేను గర్వంగా నిలబడ్డాను. ‘పక్షవాతం వచ్చినా మాతృభాష చెక్కుచెదరదు’ అని పెద్ద అక్షరాలతో రాసి, కింద ఆమె పేరు వేశాను. ఆ వాక్యం నాకు అంత నచ్చింది మరి.

మేడం దాన్ని చూసి, “నా పేపరు చదివినవా బిడ్డా?” అని అడిగారు.

“అవ్ మేడం, మొత్తం చదివిన.”

“గట్లనా! అండ్ల ఉన్నది దీనికి ఉల్టా గదా. ఎవరో ఒకాయన తప్పు రాసిండు, ఆయన్ని చూసి అందరూ గా తప్పునే నా పేరు మీద ఎక్కించుకుంటున్నరు. నా పేరు గిట్లనే పెరుగుతున్నది,” అని నవ్వారు.

నేనూ వేరే వ్యాసంలో ఆ మాట చూసి, చివర ఉన్న ఆధారాల జాబితా నుంచే ఆమె పేరు దించుకున్నాను. ఆ మాట ఆమెతో చెప్పలేకపోయాను.

సాయంత్రం కూర్చుని ఆమె పేపరు చదివాను. భద్రాచలం వైపు అడవి పల్లెలో ఒకావిడకు పక్షవాతం వచ్చాక మాతృభాషైన కోయ మాటలు పోయి, సంతలో నేర్చిన తెలుగు మాత్రం మిగిలింది. భర్తకు తెలుగు రాదు. ఇద్దరూ సైగలతోనే కాలం గడుపుతున్నారట. ఒక అందమైన వాక్యం కోసం నేను ఆవిడ బాధను చెరిపేశాను.

ఇప్పుడు మేడంకు మెయిల్ రాస్తున్నాను. ‘మేడం, నేను చదవలేదు’ అన్న దగ్గరే ఆగిపోయింది. మాటలంటే ప్రాణమని అందరికీ చెప్పుకునే నాకు తర్వాతి వాక్యం దొరకడం లేదు. మీరైతే ఏం రాస్తారు?