అరుగు తీసేసి బొమ్మ పెట్టారు

మా ఊరి పాత సత్రాన్ని ఎంత బాగుచేశారో అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. బాగుంది, కాదనను. ఫోటోల్లో ఇంకా బాగుంటుంది. రాయగడ నుంచి, కొరాపుట్ నుంచి కార్లలో వచ్చేవాళ్ళు దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు, అక్కడ ఇదివరకు ఏముండేదో వాళ్ళకు తెలియదు. చెప్పినా వినిపించుకోనివాళ్ళ మీదే నా కోపం.

అక్కడ అరుగు ఉండేది. జమీందారీ ఎస్టేటు రోజుల్లో కట్టిన సత్రం అది. వీధి పొడవునా అరుగు, దాని మీద మద్దిచెక్క స్తంభాలు, పైన పెంకుల కప్పు. మా మామగారి తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఒడిశా ఊరికి ఎస్టేటు గుమాస్తాగా వచ్చాడట. ఎస్టేటు పోయింది, గుమాస్తాగిరీ పోయింది, సత్రంలో అద్దెకు తీసుకున్న ముందుగది మాత్రం మిగిలింది. అందులో మా అత్తగారు గాజుల కొట్టు పెట్టింది. కొట్టు గదిలో ఉన్నా బేరమంతా అరుగు మీదే.

ఎందుకంటే గురువారం సంతకు కొండల మీంచి దిగే సవర ఆడవాళ్ళు కొట్టు లోపలికి రారు. ఎంత పిలిచినా రారు. బురద కాళ్ళతో లోపలికెందుకని వాళ్ళ మొహమాటం. అల్లం బుట్టలు, చింతపండు బుట్టలు పక్కన దించుకుని అరుగు మీద కూర్చుంటారు. పిల్లలకు పాలిస్తారు, తెచ్చుకున్న అంబలి తాగుతారు, వానొస్తే వెలిసేదాకా అక్కడే ఉంటారు. అత్తగారు వాళ్ళ ఎదురుగా కూర్చుని ఒక్కొక్కరి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకునేది. వేళ్ళన్నీ దగ్గరికి నొక్కి, బొటనవేలు అరచేతిలోకి మడిచి, మాటల్లో పెట్టి గాజు ఎక్కించేసేది. ఒక్కోసారి గాజు చిట్లేది. చిట్లినదానికి డబ్బు తీసుకునేది కాదు. ముక్కలన్నీ తన చీర చెంగులోకి ఏరేసేది, అక్కడ తిరిగేవాళ్ళంతా చెప్పుల్లేనివాళ్ళే కదా.

అలాంటి చోటికి గ్రాంటు వచ్చింది. పాత కట్టడాలను, పాత బజార్లను బాగుచెయ్యమని ప్రభుత్వం ఇచ్చిన డబ్బు. మేమంతా సంబరపడ్డాం. పెంకులు జారిపోయి కప్పు కారుతోంది, వానాకాలమంతా గాజుల పెట్టెల మీద ప్లాస్టిక్ పట్టా ఉండేది. ఇక ఆ బాధ తీరుతుందని కొలతలకు వచ్చినవాళ్ళకు అత్తగారు టీ తెప్పించి ఇచ్చింది. ఆ టీ గుర్తొస్తే నాకు మరీ కోపం వస్తుంది.

వాళ్ళు వచ్చింది సోమవారం. సంత లేని రోజు మా వీధిలో ఏముంటుంది? అరుగు ఖాళీగా ఉంది, ఒక కుక్క పడుకుని ఉంది. ఆ కుక్కను అదిలించి ఫోటోలు తీసుకున్నారు, టేపు పట్టారు, వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు సత్రం ముందు కొత్త నమూనా వేసిన ఫ్లెక్సీ కట్టారు. అందులో అరుగు లేదు. దాని చోట పూలకుండీలు, ఇనుప కంచె, మధ్యలో ఒక విగ్రహం ఉన్నాయి.

నేను రైల్వే టికెట్ కౌంటర్లో పనిచేస్తాను. జనంతో వాదించడం నాకు కొత్త కాదు. సెలవు పెట్టి, ఈ పని చూస్తున్న ఇంజనీరు ఆఫీసుకు వెళ్ళాను. ఇంజనీరు మర్యాదస్తుడే, కుర్చీ చూపించాడు. ఒక్క గురువారం వచ్చి చూడండి, ఆ అరుగు ఎవరికి కావాలో మీకే తెలుస్తుంది అన్నాను.

"అరుగు తర్వాత కట్టిందని మా కన్సల్టెంట్ రాశాడు మేడమ్. అసలు కట్టడంలో అది లేదు," అన్నాడు ఒడియాలో.

"మరి దాని మీదున్న స్తంభాలు గాల్లో నిలబడ్డాయా?"

ఆయన నవ్వాడు. నవ్వి, మార్చిలోగా ఖర్చు చెయ్యకపోతే డబ్బు వెనక్కి పోతుందని, ఇప్పుడు నమూనా మార్చడం కుదరదని చెప్పాడు. మా సత్రాన్ని బాగుచెయ్యడం వాళ్ళ పని అనుకున్నాను. వాళ్ళ పని మార్చి నెల గట్టెక్కడం.

అరుగు పగలగొట్టిన రోజు అత్తగారు తలుపు దగ్గరగా వేసుకుని కొట్లోనే కూర్చుంది. ఆవిడ ఏడవలేదు. నేనే ఏడ్చాను, కోపం ఎక్కువైతే నాకు ఏడుపొస్తుంది. ముందుకు వచ్చిన కప్పును గోడ దాకా కోసేసి కొత్త పెంకులు వేశారు. ఇప్పుడది కారదు. కారినా కింద తడవడానికి ఎవరూ లేరు.

కంచె వేశాక మొదటి గురువారం ఆడవాళ్ళు వచ్చి దాని బయట ఎండలో కాసేపు నిలబడ్డారు. అత్తగారు తలుపులోంచి పిలిచింది. వాళ్ళు నవ్వారు, తలూపారు, బుట్టలెత్తుకుని బస్టాండు గోడ నీడకు వెళ్ళిపోయారు. అక్కణ్ణుంచి హోంగార్డు లేపేశాడని సాయంత్రం తెలిసింది. అప్పట్నుంచి సంత రోజున కూడా మా కొట్లో ఈగలు తోలుకోవడమే పనైంది.

విగ్రహం ఎవరో నాయకుడిదనుకున్నాను. చుట్టి తెచ్చిన గోనె విప్పితే సవర ఆడమనిషి. సిమెంటుతో చేసి రంగులేశారు. పక్కన బుట్ట పెట్టుకుని, ఒక చెయ్యి ముందుకు చాచి, సరిగ్గా అరుగు ఉన్నచోటే కూర్చుని ఉంది.

ప్రారంభోత్సవానికి ముందురోజు, అదీ గురువారమే, ఇంజనీరు కాంట్రాక్టరును వెంటబెట్టుకుని మా కొట్టుకు వచ్చాడు. బొమ్మ చేతులు బోసిగా ఉన్నాయట, ఫోటోల్లో బాగుండదట, కాస్త మంచి రంగు గాజులు వేసిపెట్టాలట. నేనైతే చీపురు తిరగేసేదాన్ని. అత్తగారు డజను ఆకుపచ్చ గాజులు తీసుకుని లేచింది.

బొమ్మ ఎదురుగా కూర్చుంది. అలవాటుకొద్దీ ఆ చేతి వేళ్ళు పట్టుకుని నొక్కింది, బొటనవేలు మడవబోయింది. సిమెంటు చెయ్యి ఎక్కడ ముడుచుకుంటుంది? గాజు చిట్లింది. ఆవిడ వంగి ముక్కలన్నీ చెంగులోకి ఏరుకుంది.

"కోసి జిగురుతో అంటించెయ్యండమ్మా," అన్నాడు కాంట్రాక్టరు.

అత్తగారు తలెత్తింది. "ఈ బొమ్మకి కూకోడానికి సోటిచ్చేరు. ఇప్పుడు గాజులు కూడా అడుగుతన్నారు. మరి ఆల్లకేటిచ్చేరు బావూ?"

కంచె అవతల ఆడవాళ్ళు బుట్టలతో నిలబడి చూస్తున్నారు. ఇంజనీరు ఫోన్ చూసుకున్నాడు. అత్తగారు మిగిలిన గాజులు పట్టుకుని కంచె గేటు దాటి వెళ్ళి, రోడ్డు మీదే చతికిలబడింది. "రా అమ్మీ, సెయ్యిలా ఇయ్యి," అని ఒక పిల్లను కూర్చోబెట్టుకుంది.

ఇప్పటికీ గురువారం బేరం ఆ రోడ్డు మీదే. నేను ఖాళీగా ఉంటే గొడుగు పట్టుకుని నిలబడతాను. హోంగార్డు వస్తాడు, దారికి అడ్డం అంటాడు, అందర్నీ లేపేస్తాడు. లోపల కంచె వెనక, పూలకుండీల మధ్య, సిమెంటు మనిషి హాయిగా కూర్చుని ఉంటుంది. ఆవిణ్ణి లెమ్మనేవాళ్ళు లేరు.