బీపీ పట్టీతో కీసర దాకా

ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. శామీర్‌పేట చెరువులో చేప తోకాడిస్తే మేడ్చల్‌లో ఆరేసిన బట్టలు తడిశాయని ఒట్టేసి చెప్పగలను. నేను నర్సుగా ఉన్న పల్లె దవాఖానలో సూదికి భయపడేవాళ్ళు నా కోతలు వింటూ నొప్పి మరిచిపోయేవారు. నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణకు వచ్చే పిల్లలకూ పాఠాలన్నీ అలాగే చెప్పేదాన్ని.

ఒకరోజు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి ఏడో నెల గర్భిణి వచ్చింది. బయట మస్తు జనం. తొందరలో తలుపు మూసి, వెనకనుంచి వెళ్ళి, మాటైనా చెప్పకుండా ఆమె చెయ్యి పట్టుకుని బీపీ పట్టీ చుట్టాను. పట్టీ బిగుసుకోగానే కెవ్వున అరిచి, దాన్ని పీకి పారేసి బయటికి పరుగెత్తింది.

మర్నాడు క్లాసులో, "పట్టీ చేతికుండంగనే కీసర దాకా ఉరికింది. బస్సు గూడ అందుకోలే!" అన్నాను. అందరూ పడిపడి నవ్వారు. ఒక్కమ్మాయి నవ్వలేదు.

"మేడం, పట్టుకునే ముందు ఆమెను అడిగిండ్రా?"

"బీపీ చూసెతందుకు ముహూర్తం వెట్టాల్నా బిడ్డా?"

మళ్ళీ నవ్వులు.

ఆ కథ వారంలో ఆ గర్భిణి ఊరు చేరింది. ఆమె దవాఖానకు రావడం మానేసింది. కాళ్ళు వాచాయని ఆశా కార్యకర్త చెబితే భయం వేసి, ఆ నవ్వని అమ్మాయిని వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. వాకిట్లోనే ఆమె తల్లి అడ్డుకుంది.

"మొగడు ఎనుకకెల్లి చేతులు వట్టుకొని కొడుతుండె. గందుకే ఇంటికి తెచ్చుకున్న. నీకు నవ్వులాటైంది గదా!"

తల దించుకుని, "తప్పైంది" అన్నాను. ఆ మాట నాకే చాలలేదు.

లోపలినుంచి కూతురి గొంతు వినిపించింది. "గామె రావద్దు. చిన్నామె రావచ్చు."

అమ్మాయి లోపలికి వెళ్ళి, ఆమెకు ఎదురుగా కాస్త దూరంగా కూర్చోవడం గుమ్మంలోంచి కనిపించింది.

"అక్కా, గీ పట్టీ నువ్వే సుట్టుకో. గట్టిగైతే చెప్పు, ఆపేస్త."

బీపీ బాగా ఎక్కువగా ఉందని అమ్మాయి చెప్పింది. పెద్దాసుపత్రికి వెంటనే పోవాలి. అమ్మాయి కూడా వస్తేనే పోతానందామె. వాకిట్లోనే నిలబడి కాగితం రాసి అమ్మాయి చేతికిచ్చాను. తల్లి, కూతురు, అమ్మాయి ఆటో ఎక్కారు. డ్రైవర్ పక్కన చోటుంది. నన్ను ఎక్కమని ఎవరూ అనలేదు.