ఇటలీ ఎక్కం

నేను నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు ఇటలీ నుంచి కొత్త ప్యాకింగ్ మెషీన్ వచ్చింది. బిగించడానికి అక్కడి ఇంజనీరు వస్తాడనీ, ఆయనకు నచ్చిన ఒక్కరిని మూడు నెలల ట్రైనింగుకు ఇటలీ పంపుతామనీ మేనేజరు చెప్పాడు. అప్పటికి నా విదేశయానం ఘట్‌కేసర్ దాకా. ఆ ఒక్కరు నేనే అని అక్కడికక్కడే తేల్చేసుకున్నాను. మిగతావాళ్లకు తెలియడమే ఆలస్యం.

ఉప్పల్‌లో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి ఇటలీ భాష క్రియల పట్టిక ప్రింటు తీయించాను. నేను చేస్తాను, నువ్వు చేస్తావు, ఆయన చేస్తాడు... ఒక్కో క్రియకు ఆరు రూపాలు. ఒకటి పట్టుబడితే అదే దారిలో వందల క్రియలు నడుస్తాయట. బడిలో నాకు వచ్చినవి ఎక్కాలు మాత్రమే, అవి కూడా రాగం వల్ల. అదే రాగం దీనికీ తగిలించాను. ఉద్యమం రోజులు. బంద్ అంటే బస్సులుండవు. నాచారం దాకా నడుస్తూ అడుగుకొకటి చదివేవాణ్ణి: "లవోరో, లవోరి, లవోర, లవోరియామో, లవోరాతే, లవోరనో." పనిచేయడం అనే క్రియ అది. ఇంట్లో స్నానం చేస్తూ అందుకుంటే అమ్మ తలుపు కొట్టింది.

"ఏ దేవుని మంత్రంరా గది? జర జల్ది మొక్కు, నీళ్లయిపోతున్నయ్!"

ఇంజనీరు వచ్చిన రోజు మేనేజరు నన్ను ముందుకు తోసి, వీడికి మీ భాష వచ్చు అని చెప్పాడు. ఆయన సంబరపడి, నువ్వు ఇక్కడే పనిచేస్తావా అని తన భాషలో అడిగాడు. అర్థమైంది! పనిచేస్తాను అని చెప్పడానికి "లవోరో" అంటే చాలు. అన్నాను కూడా. కానీ ఎక్కం మధ్యలో ఆపితే మా బడిలో బెత్తం పడేది. చేతులు కట్టుకుని, రాగం చెడకుండా, "లవోరనో" దాకా అప్పజెప్పాను. ఆయన చప్పట్లు కొట్టాడు. ఇటలీ భాష మాట్లాడతావా అని మళ్లీ అడిగాడు. "పార్లో, పార్లి, పార్ల..." ఈసారి చప్పట్లు లేవు.

"ఏంది తమ్మీ, హారతిస్తున్నవా?" అన్నాడు వెనక నుంచి బోడుప్పల్ ఫిట్టరన్న. స్పానర్ పట్టుకుని మెషీన్ కింద దూరాడు. ఇంజనీరూ పక్కనే దూరాడు. అరగంటలో కింద నుంచి ఇద్దరి నవ్వులు. భాష ఏదో మాత్రం తెలియలేదు.

ఇటలీకి అన్ననే ఎంచారు. ఆ కబురు విన్నప్పుడు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. క్యాంటీన్‌లో ఆ రోజు మిర్చి బజ్జీ.

బయల్దేరే ముందురోజు అన్న నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, నాకో ముక్క నేర్పురా."

పట్టిక తీశాను. "ఆరుంటయన్నా..."

"ఆరెందుకు? ఆడ పని జేసేది నేనొక్కణ్ణే. నాది నాకు జెప్పు."

"లవోరో."

"లవోరో" అన్నాడు అన్న. అని, ఊరుకున్నాడు. నేను లోపల మిగతా ఐదూ పూర్తిచేసుకున్నాను.