తడికలో ఆ భాగం నాది కాదు

2011 జూన్‌లో నన్ను జగ్గయ్యపేట దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. హోదా పేరు పెద్దదే గానీ, పని మాత్రం కాటా దగ్గరి కంప్యూటర్లు ఆగిపోకుండా చూసుకోవడం. సున్నపురాయి లారీ కాటా ఎక్కాక తూకం చీటీ రాకపోతే, వెనకున్న డ్రైవర్లందరూ హారన్లు మోగించి నన్ను పిలిచేవారు. కాపురం నందిగామలో. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. కిందటేడు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను.

ఆ కాటాల గురించి ఇప్పుడెవరూ అడగరు. అందరూ అడిగేది ఖాళీ వేళల్లో నేను మొదలుపెట్టిన ‘తడిక’ గురించే. దాని విషయంలో నా పేరు మీద ప్రచారంలో ఉన్న మాట ఒకటి తప్పు. అది సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

తడిక అనేది బ్రౌజరుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము. మనం ఏదో ఒక వెబ్‌సైటు చూస్తుంటే, కంటికి కనపడని ప్రకటనల కంపెనీలు మన వెంటపడి, మనం ఏం చూశామో గుర్తుపెట్టుకుంటాయి. తడిక వాటిని అడ్డుకుంటుంది. ఇంట్లో కూర్చుని రాసి, ఓపెన్‌సోర్స్‌గా విడుదల చేశాను. అంటే దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు. నేను ఎంచుకున్న లైసెన్స్ జీపీఎల్. దాని ముఖ్యమైన షరతు ఇది: మార్చి నలుగురికి పంచేవాడు, తాను మార్చిన కోడ్‌ను కూడా అవే షరతుల మీద వాళ్ళకు ఇవ్వాలి.

మొదటి ఏడాది దాన్ని నేనూ, మొహమాటానికి నా స్నేహితులూ వాడాం. పనికొచ్చే వస్తువుగా మార్చింది పద్మావతిగారు. నందిగామ బస్టాండు ఎదుట నెట్ సెంటర్ నడిపేవారు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివారు. నా మాట మీద తన కంప్యూటర్లన్నింటిలోనూ తడిక పెట్టారు. ఒకరోజు నాకు ఫోన్ చేశారు.

“అన్నయ్యగారూ, మీ తడిక సందుల్లోంచి అంతా కనపడుతోందండి.”

జరిగిందేమిటంటే, ఆ ఉదయం ఒక పెద్దమనిషి అక్కడ బట్టతలకు మందులు వెతుక్కుని వెళ్ళాడు. మధ్యాహ్నం అదే కంప్యూటరు ముందు ఒక పెళ్ళికొడుకూ, కాబోయే అత్తగారూ కల్యాణ మండపాల ఫొటోలు చూడటానికి కూర్చున్నారు. ఏ పేజీ తెరిచినా పక్కన విగ్గుల ప్రకటనే. కాసేపటికి అత్తగారు మండపాలు చూడటం మానేసి అల్లుడి తల చూడటం మొదలుపెట్టారు.

“ఆ అబ్బాయి జుట్టు పట్టుకుని లాగి చూపించాడండి, పాపం! నా సెంటర్లో పెళ్ళి తప్పిపోయిందంటే రేపట్నుంచి నా గుమ్మం ఎవరు తొక్కుతారు?”

లోపం నాకు అర్థమైంది. తడిక కొన్ని కంపెనీలను ఆపుతోంది గానీ, వాటిని దాటి వచ్చినవి కంప్యూటరులో వదిలిన గుర్తులను చెరపడం లేదు. మొత్తం చెరిపేద్దామన్నాను. అలా చేస్తే దుకాణం సొంత లాగిన్లు కూడా పోతాయని ఆవిడ అన్నారు. చివరికి ఆవిడే కూర్చుని, ఒక్క మీట నొక్కితే వెళ్ళిపోయిన మనిషి గుర్తులు మాత్రం చెరిగిపోయి దుకాణం లాగిన్లు నిలిచేలా రాసి, పెన్‌డ్రైవ్‌లో నా చేతికిచ్చారు.

ఇక్కడ పద్ధతి కొంత చెప్పాలి. కోడ్ భద్రపరిచే చోట ప్రతి మార్పుకూ రాసినవారి పేరు, చేర్చినవారి పేరు విడివిడిగా నమోదవుతాయి. రాసినవారి చోట ఆవిడ పేరు వేయడానికి అర నిమిషం చాలు. నేను వేయలేదు. రెండు చోట్లా నా పేరే పడింది. తర్వాత సరిచేద్దాం అనుకున్నాను. ఈలోగా తడికను జనం మెచ్చుకోవడం మొదలైంది. మెచ్చుకున్నదంతా ఆ భాగాన్నే కావడంతో, సరిచేయబుద్ధి కాలేదు.

ఊళ్ళో మిత్రులు సన్మానం పెట్టారు. ఆహ్వాన పత్రిక డీటీపీ చేసింది పద్మావతిగారే.

“తడిక సృష్టికర్త అని వేయమన్నారండి మీవాళ్ళు. సృష్టికర్త చాలా, పెద్దక్షరాల్లో బ్రహ్మ అని వేసేయమంటారా?” అని అడిగారు.

నేను నవ్వి, అంత పెద్ద అక్షరాలు వద్దన్నాను. అంటే నా అభ్యంతరం అక్షరాల సైజు మీదే.

కొన్నేళ్ళ తర్వాత ఒక విదేశీ బ్రౌజరు బృందం నుంచి ఉత్తరం వచ్చింది. తడికను తమ బ్రౌజరులోనే కలిపేస్తామనీ, అయితే జీపీఎల్ బదులు ఇంకా వదులైన లైసెన్స్‌కు మార్చాలనీ అడిగారు. లైసెన్స్ మార్చడం ఒక్కడి చేతిలో ఉండదు. ఎవరు రాసిన భాగానికి వారే హక్కుదారు, కాబట్టి రాసిన ప్రతివారూ ఒప్పుకోవాలి. అప్పటికి తడికకు చిన్నచిన్న మార్పులు రాసి పంపినవాళ్ళు కొందరున్నారు. పుణే నుంచీ పోలండ్ నుంచీ వాళ్ళ ఒప్పుకోళ్ళు వచ్చాయి. సహాయం పేజీలో ఒక్క కామా దిద్దినాయన రెండు పేజీల అంగీకారం పంపాడు. మిగిలిందంతా నేనే రాశానని నేను సంతకం పెట్టాలి. పెడితే అబద్ధపు ధ్రువీకరణ. పెట్టకపోతే తడిక లక్షల కంప్యూటర్లలోకి వెళ్ళే అవకాశం పోతుంది.

ఆ సాయంత్రం జగ్గయ్యపేట బస్సు దిగి నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళాను. అప్పటికి నెట్ సెంటర్ కాస్తా జిరాక్స్ షాపైంది. ఎవరిదో హాల్‌టికెట్ ప్రింటు తీస్తూ తలెత్తి చూశారు.

“రండి అన్నయ్యగారూ. జిరాక్సా, సన్మానమా?”

సంగతంతా చెప్పి, క్షమించమన్నాను.

“క్షమాపణ తర్వాత తీసుకుంటాగానీ, ముందు ఆ కొత్త లైసెన్స్ సంగతి చెప్పండి. వాళ్ళు దాన్ని మార్చేసి, మార్చింది మనకి చూపించక్కర్లేదా?”

అక్కర్లేదన్నాను.

“అయితే నా భాగం ఇవ్వనండి.”

ఈసారి ఆవిడ పేరు తప్పకుండా వేయిస్తానన్నాను.

“పేరు వేసి తలుపేసుకుంటారు. లోపల ఎవణ్ణి కూర్చోబెట్టారో మనకేం తెలుస్తుందండి? జనం వెనక ఎవడూ పడకూడదనే కదా నేను రాసింది? విగ్గులోళ్ళని మర్చిపోయారా?” ప్రింటు కాగితం తీసి పక్కన పెట్టారు. “పోనీ, నాది తీసేసి మిగతాది ఇచ్చుకోండి. తీస్తే ఏం మిగులుద్దంటారు?”

ఏం మిగులుతుందో ఇద్దరికీ తెలుసు.

ఆ బృందానికి ఉన్నదున్నట్టు రాశాను. వాళ్ళు తమ ప్రోగ్రాము తామే రాసుకున్నారు. తడిక జీపీఎల్‌లోనే ఉండిపోయింది.

నమోదు సరిచేయడం మిగిలింది. కోడ్ చరిత్రలో ప్రతి నమోదూ దాని ముందుదాని మీద ఆధారపడి ఉంటుంది. పాతదాన్ని మారిస్తే ఆ తర్వాతవన్నీ మారిపోయి, అందరి దగ్గరా ఉన్న కాపీలతో పొంతన తప్పుతుంది. అందుకని పాతది అలాగే ఉంచి, కొత్త నమోదు చేర్చాలి. ‘ఈ భాగం పద్మావతిగారి సహకారంతో రాశాం’ అని రాసి ఆవిడకు చూపించాను.

“సహకారం ఏంటండీ? మీరు రాస్తుంటే టీ పెట్టిచ్చానా? నేను రాసా!” అని కీబోర్డు తన వైపు లాక్కున్నారు. నా వాక్యం కొట్టేసి, ‘ఈ భాగం రాసింది నేను. చేర్చింది ఆయన’ అని టైపు చేసి, తన పేరు మీదే నమోదు చేశారు.

ఈ వ్యవహారం వల్ల నేను నేర్చుకున్నది పని పద్ధతికి సంబంధించిన విషయం. రాసినవారి పేరు కోడ్ చేర్చేటప్పుడే వేయాలి. అది మర్యాద కోసం వేసేది కాదు. రేపు ఎవరి అనుమతి అడగాలో, ఎవరు కాదనగలరో తేల్చేది ఆ పేరే. పాత నమోదులో రెండు చోట్లా నా పేరు ఇప్పటికీ ఉంది. తడిక గురించి రాయదలచినవారు అక్కడ ఆగిపోకుండా పద్మావతిగారి నమోదు దాకా చదవాలి.