దుబాయి చద్దరు మీద రైలు

మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. నడుస్తున్న సాంచ చప్పుడు గడప బయటినుంచే విని, దాని జబ్బేమిటో చెప్పేవాడు రాజం. చదువు ఐదో తరగతితో ఆగింది. మిగతాదంతా చేతులే నేర్చుకున్నాయి.

ఆ చేతులు ఖాళీగా ఉంటే రైళ్లు చేసేవి. వయసులో భీవండిలో పనిచేసినప్పుడు, మగ్గాల షెడ్డు వెనక పట్టాల మీద పోయే బండ్లను చూసి పట్టిన పిచ్చి అది. సాంచలో దారం మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే కట్టె నాడె విరిగితే, దాన్ని చెక్కి రైలు పెట్టె చేసేవాడు. రేకు వంచి ఇంజను, పాత టేపు రికార్డరు నుంచి మోటారు. ఒక్కో రైలుకు మూడు నెలలు పట్టేది.

కోరుట్లలో ఉన్న కూతురు భాగ్య పిల్లలు, అక్షిత, చందు, సెలవులకు వచ్చారంటే ఆ రైళ్ల దగ్గరే తిండి, అక్కడే నిద్ర. తొమ్మిదేళ్ల అక్షితకు ఆకురాయి పట్టడం కూడా వచ్చేసింది.

ఈ దసరాకు వాళ్లు రాలేదు.

"మా మామ దుబాయి నుంచి రైలు తెచ్చిండు బాపూ," అంది భాగ్య ఫోనులో. "పొగ గూడ ఇడుస్తది. పోరగాండ్లు దాన్ని ఇడిసిపెట్టి కదుల్తలేరు."

రాజం సగం తిన్న కంచం పక్కకు జరిపాడు.

"గా రైలు నీకేం పాపం జేసిందయ్యా?" అని భార్య వెంకటవ్వ నవ్వింది. ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. తెల్లారి, కొత్తగా చేసిన పెట్టె ఒకటి సంచిలో వేసుకుని కోరుట్ల బస్సెక్కాడు. దారిలో చందుర్తి ఎప్పుడు దాటిందో ఆయనకు తెలియదు.

"రా బావా, రా! మా ఇంట్లనే రైల్వేస్టేషన్ వెట్టిన జూడు," అంటూ వియ్యంకుడు ఆగయ్య ఎదురొచ్చాడు. ఇరవై ఏళ్లు దుబాయిలో పనిచేసి, అంతా సర్దుకుని నెల కిందటే వచ్చేశాడు. హాలు నిండా పులిబొమ్మ ఉన్న బొచ్చు చద్దరు పరిచి, దాని మీద పట్టాలు వేశాడు. చద్దరు కూడా దుబాయిదే.

"సిరిసిల్ల తాతొచ్చిండు!" అని అరిచి, పిల్లలు మళ్లీ రైలు వైపు తిరిగారు.

ఈ ఇంట్లో ఆగయ్య ఉత్త తాత. రాజం మాత్రం సిరిసిల్ల తాత. ఊరి పేరు తగిలిస్తే తప్ప ఆయన తాత కాడు.

రాజం వంగి ఇంజనును చూశాడు. గోరంత మరలు, వంక లేని అతుకులు. ఎవడు చేశాడో గానీ పనిమంతుడు. అది ఇంకా మండించింది.

మూడో చుట్టులో చప్పుడు మారింది. చద్దరు బొచ్చు ఇరుసుకు చుట్టుకుంటోంది. షెడ్లలో దూది నుసితో రోజూ పడే బాధే. చద్దరు తీయమని ఒక్క మాట అంటే చాలు.

రాజం చాయ్ తాగుతూ కూర్చున్నాడు.

ఐదో చుట్టులో రైలు ఆగిపోయింది. చందు ఏడుపు ఎత్తుకున్నాడు. ఆగయ్య సెల్లులు మార్చాడు, రిమోటును అరచేతికేసి కొట్టాడు.

"బావా, నీకు మిషిన్లు ఎర్కనే గదా. జర జూడు."

"దుబాయి మాల్ గదా. నాకేం ఎర్క?"

ఏ షెడ్డులోనూ ఏనాడూ అనని మాట. అన్నాక చాయ్ చేదుగా అనిపించింది.

"జగిత్యాలల రిపేర్ దుకాణం ఉన్నది గని, ముందు ఇప్పి జూద్దాం," అంటూ ఆగయ్య కూరగాయల కత్తి తెచ్చి, మొనను ఇంజను అతుకులో దూర్చబోయాడు.

"ఆగు బావా!"

రాజం నోటినుంచి ఆ కేక దానంతటదే వచ్చింది. అంత మంచి పని మీద కత్తి పడటం ఆయన చూడలేకపోయాడు. ఆగయ్య చెయ్యి ఆగింది. ఆ సందులో అక్షిత ఇంజనును లాక్కుని బోర్లా తిప్పింది.

"బొచ్చు సుట్టుకున్నది. తాతా, చిమ్టా!"

రాజం జేబులోంచి పోగులు తీసే చిన్న చిమ్టా తీసిచ్చాడు. ఆయన నేర్పినట్టే, ఇరుసును వెనక్కి తిప్పుతూ పోగు పోగుగా లాగింది. చక్రం వదులైంది. అప్పుడు తలెత్తింది.

"చప్పుడు ఇనంగనే నీకెర్కైతది గదా. ఎందుకు జెప్పలే?"

ఆగయ్య కూడా చూస్తున్నాడు.

"జెప్ప బుద్ధి గాలే బిడ్డా," అన్నాడు రాజం. "నేను జేసినదానికంటె గా రైలు మంచిగున్నది."

ఆగయ్య కత్తి పక్కన పెట్టాడు. "నయ్యం! ఎండకాలం సంది ఫోన్ల గీ పిల్ల నా పానం తిన్నది. సిరిసిల్ల తాత గట్ల జేస్తడు, గిట్ల జేస్తడని. నాకు గోడకు మొల కొట్టుడు గూడ రాదు. ఏం జెయ్యాలె? కొనుక్కచ్చిన."

రాజం చిమ్టా తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ముందుగాల గా చద్దరు తియ్ బావా," అన్నాడు చివరికి.

పట్టాలు పక్కకు తీసి, ఇద్దరూ చెరో కొస పట్టి చద్దరు మడిచారు. ఈలోగా అక్షిత సంచి తడిమి, నాడె కట్టె పెట్టెను బయటికి తీసి, దుబాయి రైలు తోకకు తగిలించబోయింది.

"కొక్కెం పడ్తలేదు. ఆకురాయి తెచ్చినవా?"

తెచ్చాడు. వట్టి బండల నేల మీద కూర్చుని, పెట్టెను మోకాళ్ల మధ్య ఇరికించి రాజం కొక్కెం అరగదీశాడు. ఆగయ్య ఎదురుగా కూర్చున్నాడు, రిమోటు ఇంకా తన చేతిలోనే. రాజం ఆకురాయి లాగిన ప్రతిసారీ ఆ రిమోటును ఓరకంట చూస్తూనే ఉన్నాడు.