పగడాల రాళ్ళు ఉడకబెట్టిన ఇల్లు

మొదటి చెంపదెబ్బ తిన్న రోజున ఉప్పమ్మ మోచేతి దాకా తొట్టిలో ముంచిన చేతిని బయటికి తీసి, చీర కొంగుకు తుడుచుకుని, నీళ్ళలో ఉప్పెంత ఉందో కొలిచే పరికరం కోసం సంచీలో వెతుక్కుంది. కొట్టినాయన ఆ ఇంటి యజమాని. భవనాలు కట్టే కాంట్రాక్టరు. ఆయన హాల్లో గోడ వెంబడి ఆరడుగుల అద్దాల తొట్టి, అందులో బతికున్న పగడాలు. వాటిలో ఊదారంగు కొమ్మల పగడమొకటి, రెండు రోజుల్లో ఎముకలా తెల్లబడిపోయింది. చుట్టాలకు ధగధగలాడుతూ కనిపించాలని దీపాలను పూర్తిగా పెంచింది ఆయనే. పెంచొద్దని అంతకుముందు వారమే ఆమె చెప్పింది. ఆ మాట గుర్తుచేయడమే ఆమె చేసిన నేరం.

"నాకు నేర్పుతావా?" అన్నాడు, కొట్టాక.

వంటింటి గుమ్మంలోంచి చూసిన వంటావిడ తర్వాత మెట్ల దగ్గర ఆమెను పట్టుకుంది.

"అదేంటి ఉప్పక్కా, రాయిలా నిలబడ్డావ్? ఒక్క మాట అనొచ్చుగా!"

"అంటే రెండోది పడేది. ఇంకో చెంప ఖాళీగానే ఉందిగా."

"నవ్వకు. నాకు ఒళ్ళు మండిపోతోంది."

"మండినా మూత పెట్టుకో. నీ పొయ్యి నువ్వు చూసుకో, నా తొట్టి నేను చూసుకుంటా."

ఇలా మూత పెట్టుకోవడాన్ని మనం ఓర్పని పొగుడుతాం. అది ఓర్పు కాదు, గత్యంతరం లేకపోవడం. ఆమెను ఇళ్ళకు పంపే అక్వేరియం షాపాయన పనిలో చేరిన రోజే చెప్పేశాడు: "కస్టమర్ చెయ్యి చేసుకుంటే ముందు అద్దం పగిలిందేమో చూడు. తర్వాత నీ పళ్ళు చూసుకుందువుగాని."

ఆ షాపులో నేల తుడవడానికి చేరిన మనిషి పదకొండేళ్ళలో పద్నాలుగు ఇళ్ళ పగడాలకు దిక్కయింది. వారానికోసారి తొట్టిలో పదో వంతు నీళ్ళు తీసి, ముందురోజే ఉప్పు కలిపి ఉంచిన కొత్త నీళ్ళు పోయాలి. వెచ్చదనం తేడా రాకూడదు. పగడం తన ఎముకల గూడు కట్టుకునేది నీళ్ళలోని సున్నంతోనే. ఆ సున్నం తగ్గితే నీరసిస్తుంది, ఒక్కసారిగా పెరిగితే చస్తుంది. ఇవన్నీ ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు. చచ్చిన పగడాలే చెప్పాయి. ఉప్పు నీళ్ళకు చేతులు పగిలి, గీతల్లో తెల్లటి పొడి నిలిచిపోయేది. అందుకే ఉప్పమ్మ. అసలు పేరుతో పిలిచేది ఆమె చెల్లెలొక్కతే.

చూసేవాళ్ళకు ఆ తొట్టి పూలతోట. ఉప్పమ్మకు కొట్లాటల వీధి. ప్రతి పగడమూ జంతువే. నిలబడ్డ చోటి నుంచి కదల్లేదు, కానీ కొట్టగలదు. కొన్ని సన్నటి తీగల్లాంటి చేతులు జానెడు పొడుగు చాపి పక్కదాన్ని కాలుస్తాయి. కొన్నైతే కడుపులోని దారాలు బయటికి కక్కి, పక్కదాని మీద పరిచి, దాన్ని బతికుండగానే అరిగించుకుంటాయి. ఓడినదాని ఒంటిమీద చర్మం మిగలదు. రెండింటి మధ్య ఎంత ఎడం ఉంచాలో ఆమె మూర వేసి చెప్పేది. "పక్కది పచ్చగా ఉంటే ఓర్వలేవు. మనుషుల దగ్గరే నేర్చుకున్నట్టున్నాయి," అనేది చెల్లెలితో.

కాంట్రాక్టరు స్నేహితుడి తొట్టిలోంచి ఒక రాయి తెచ్చి, ఆమెకు చెప్పకుండా తన తొట్టిలో వేశాడు. దాని మీద గోధుమరంగు గుండీల్లాంటి పగడాలు నాలుగు. ఆరు నెలల్లో అవి రాళ్ళన్నీ ఎక్కి, మంచివాటిని కప్పేసి పీక నొక్కేశాయి. ఆ గుండీ పగడాల జిగురులో విషముంటుంది. ఉప్పమ్మ ఆ విషాన్ని ఒంటితో ఎరుగును. పగిలిన బొటనవేలికి జిగురు తగిలి చెయ్యి భుజం దాకా వాచింది. నాలుక మీద ఇనుము చప్పరించినట్టు చేదు, మూడు రోజుల వణుకు. షాపాయన "పువ్వు గుచ్చుకుంటే సెలవా?" అన్నాడు. చేతులకు తొడుగులు ఇప్పించమంటే, చేపలు బెదురుతాయన్నాడు.

ఒక ఆదివారం పొద్దున్నే ఆమెను కాంట్రాక్టరు ఇంటికి పిలిపించారు.

"సాయంత్రం ముప్పై మంది వస్తున్నారు. ఈ గోధుమ చెత్తంతా ఇవాళే పోవాలి," అన్నాడు కాంట్రాక్టరు.

"ఇవాళ అవదు సార్. రాయి ఆరకుండా తీసి, మూతబకెట్లో పెట్టి, ఆరుబయటికి పట్టుకెళ్ళి చంపాలి. ఒక్కో రాయే. మూడు వారాలు పడుతుంది."

"ఉడకబెడితే పది నిమిషాలు. వీడియో చూశాను."

"వీడియోలో ఆవిరి రాదు కదా సార్. వీటి ఆవిరి పీలిస్తే మనిషి పోతాడు."

ఆయన షాపుకు ఫోన్ కలిపి, ఆమెకు వినపడేలా పెట్టాడు. "ఏమ్మా, ఉడకబెట్టమంటే ఉడకబెట్టు. నువ్వేమన్నా డాక్టరువా?" అంది షాపాయన గొంతు.

"డాక్టరు దాకా పోకుండా చూసేదాన్ని. నేను చెయ్యను."

పదకొండేళ్ళలో ఆమె నోట మొదటిసారి వచ్చిన మాట అది. కాంట్రాక్టరు ఆమె జుట్టు పట్టుకుని తొట్టి కింది ఇనుప స్టాండుకేసి కొట్టాడు. కనుబొమ్మ చిట్లింది. ఆమె అద్దం పట్టుకుని లేవబోతే నెత్తురు అంచు మీదుగా తొట్టిలోకి జారింది.

"నా నీళ్ళు!" అని అరిచాడాయన. నీళ్ళ కోసమే అరిచాడు.

ఆమెను వంటింటి వెనక బాల్కనీలోకి తోసి, అద్దం తలుపుకు గడియ పెట్టాడు. వంటావిడ చేత స్టవ్ మీద పెద్ద గిన్నెలో నీళ్ళు పోయించి నాలుగు రాళ్ళు తెచ్చి వేశాడు. హాల్లో ఏసీ నడుస్తోంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

"సార్, అక్క వద్దంటోంది..." అంది వంటావిడ.

"నీకు జీతం అక్క ఇస్తోందా? మంట పెంచు," అని హాల్లోకి వెళ్ళిపోయాడు.

ఉప్పమ్మ రెండు అరిచేతులతో అద్దాన్ని బాదింది. "స్టవ్ ఆపవే! ముక్కు మూసుకుని బయటికి పో!"

వంటావిడ హాలు వైపు ఒకసారి చూసి, చేతులు జోడించింది. "ఒక్క రెండు నిమిషాలక్కా. ఆపితే కొడతాడు."

గిన్నె మరిగింది. ఆవిరి అద్దానికి పట్టింది. దాని వెనక వంటావిడ దగ్గడం మొదలుపెట్టింది. దగ్గి, గొంతు పట్టుకుని, గట్టు పట్టుకుని, చివరికి పట్టుకోవడానికేమీ దొరక్క నేల మీద కూలింది. బాల్కనీలో ఒక ఖాళీ గ్యాస్ సిలిండరు ఉంది. ఉప్పమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి తలుపుకేసి కొట్టింది. మూడో దెబ్బకు అద్దం పెళ్ళున రాలింది. మిగిలిన పెంకు మోచేతి నుంచి మణికట్టు దాకా చీరేసింది. ఆమె కొంగు తడిపి ముక్కుకు చుట్టుకుని, స్టవ్ ఆపి, వంటావిడ జబ్బలు పట్టి ఈడ్చింది.

హాలు దాకా తెచ్చేసరికి కాంట్రాక్టరు అడ్డం వచ్చాడు. "నా తలుపు పగలగొడతావే?" అంటూ డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు. మూడోసారి కాలు లేచింది కానీ దిగలేదు. దగ్గు ఆయన్ను రెండుగా మడిచేసింది.

ఉప్పమ్మ ముందు వంటావిడను లిఫ్టు దాకా లాగింది. తర్వాత వెనక్కి వెళ్ళి, ఆయన్నూ కాలరు పట్టుకుని లాక్కొచ్చింది.

"వాణ్ణెందుకే తెచ్చావ్?" అని ఆస్పత్రిలో చెల్లెలు తిట్టింది.

"వాడు చస్తే నేనే చంపానంటారు. బతికితే కనీసం అబద్ధమాడటానికైనా నోరు విప్పుతాడు."

విప్పాడు. ఆ పనిమనిషి తొట్టిలో విషం కలిపిందని, తలుపు పగలగొట్టి తనను చంపబోయిందని ఫిర్యాదు రాసిచ్చాడు. ఈ ఉడకబెట్టే ముచ్చట తనకు తెలియదన్నాడు షాపాయన. వంటావిడ తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడింది. ఇప్పటికీ ఒక్క అంతస్తు మెట్లెక్కితే కూర్చుండిపోతుంది. ఉప్పమ్మ కుడికంటికి ఆవిరి తగిలి చూపు మసకబారింది. షాపులో పని పోయింది.

ఈసారి ఆమె మూత పెట్టుకోలేదు. చెల్లెలితో రాయించి, మొదటి చెంపదెబ్బ నుంచి మొదలుపెట్టి నాలుగు పేజీల ఫిర్యాదు ఇచ్చింది. వంటావిడ తన పేజీ తాను చెప్పి రాయించింది. దానికి జవాబుగా పోలీసులు అడిగింది ఒక్కటే: "మీ ఇద్దరు కాక చూసినవాళ్ళెవరు?"

చూసినవాళ్ళున్నారు. ఆ ఆదివారం కాంట్రాక్టరు ఫ్లాటున్న నాలుగో అంతస్తులో, లిఫ్టు ముందు పదకొండు మంది ఇరుగుపొరుగు నిలబడ్డారు. ఒకతను ఫోన్లో వీడియో తీశాడు. ఒకావిడ తన చెప్పులకు నెత్తురు అంటకుండా వెనక్కి జరిగింది. అంబులెన్సుకు ఫోన్ చేసింది మాత్రం చెయ్యి చీరుకుపోయిన ఉప్పమ్మే. ఆ పదకొండు మందీ ఇప్పుడు గుర్తులేదంటున్నారు. సాక్ష్యం లేకపోతే హత్యాయత్నం కేసు ఆమె మీదే నిలబడుతుంది.

కాంట్రాక్టరు ఇంట్లో మిగిలిన రాళ్ళు ఇంకా ఆ తొట్టిలోనే ఉన్నాయి. వాటిని గీకి శుభ్రం చేయడానికి షాపాయన కొత్త పనిమనిషిని పంపుతున్నాడు. ఒట్టి చేతులతోనే, ఒక బ్రష్షిచ్చి.

కాబట్టి నాలుగో అంతస్తు వాళ్ళకు సూటిగా చెబుతున్నాను. ఆ వీడియో మీ ఫోన్లో ఉంది. ఈ వారమే స్టేషనుకు తీసుకెళ్ళండి. ఒంటరిగా వెళ్ళడానికి భయమైతే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. ఇంట్లో పగడాల తొట్టి పెట్టుకున్నవాళ్ళు వాటి రాళ్ళను ఎప్పటికీ ఉడకబెట్టకండి, ఎవరి చేతా ఉడకబెట్టించకండి. తొట్టి శుభ్రం చేయడానికి వచ్చిన మనిషికి చేతి తొడుగులు, కళ్ళద్దాలు ఉన్నాయా అని గుమ్మంలోనే అడగండి. లేవంటే ఆమె చేత పని మొదలుపెట్టించకుండా, ఆమె ఎదుటే షాపుకు ఫోన్ చేసి ఎందుకివ్వలేదో నిలదీయండి. "ఇది ప్రమాదం, నేను చెయ్యను" అని ఆమె అంటే, చెయ్యి ఎత్తకుండా వినండి.