మగ్గం గుంతలో నీళ్లు తోడిన అక్క

మా తోటికోడలు ఆదోని ఆసుపత్రిలో పోయిందని పోయిన వారం ఒక పొద్దున ఫోను వచ్చింది. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఎమ్మిగనూరులో మాదీ వాళ్లదీ ఒకే ఇల్లు, మధ్యలో గోడ. ఆదోని ఎంత దూరమని? అయినా ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఒక్కసారి పోయి చూడలేకపోయాను. మా ఆయన పక్షవాతంతో మంచం పట్టినప్పటి నుంచి ఈ గది నన్ను వదలదు. నేను పక్కన లేనప్పుడు ఆయన ఊపిరి ఆగిపోతే ఎట్లా అన్నదే నా భయం.

భయం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. మబ్బు పడితే భయం, పట్టకపోతే భయం. అక్కకు మొగుడు చిన్న వయసులోనే పోయాడు, తర్వాత ఒక కన్ను మసకబారింది. అయినా మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే ముఖం తేటగా ఉండేది.

వానలకు ఆ గుంతలో నీళ్లు ఊరతాయి. మా మగవాళ్లు నీళ్లను తిట్టి, మగ్గం ఆపి అరుగు మీద కూర్చునేవాళ్లు. అక్క చెంబుతో తోడి పోసి, గోనెపట్ట పరిచి మళ్లీ దిగేది.

"ఎన్నిసార్లు తోడతావక్కా?"

"ఊరినన్నిసార్లు."

"మల్ల నిండితే?"

"రేపు ఏడ్సేకి కొంచెం మిగిల్చుకోవే. అంతా ఇప్పుడే ఏడ్సేస్తే ఎట్ల? ఆ రాట్నం కాడ కూసోని కండెలు సుట్టు. సుట్టుకుంటా సెప్పు నీ బాధ."

నా దిగుళ్లన్నీ ఆ నూలుతోపాటు ఆమె నేసిన చీరల్లోకి పోయుంటాయి. ఎవరు కట్టుకున్నారో పాపం.

పోయే ముందురోజు తనే ఫోను చేసింది.

"మరిది అన్నం తిన్యాడా?"

"తిన్యాడక్కా. నిన్ను సూసేకి రాలేకపోతి."

"ఆయప్పను ఇడిసిపెట్టి రావద్దు. ఈడ ఫ్యాను కింద రాణి మాదిరి పండుకోనుండా. నువ్వొస్తే నన్నూ ఏడిపిస్తావు."

ఆమెను తెచ్చి వాకిట్లో పడుకోబెట్టినప్పుడు గడప దాకా పోయాను. లోపల దగ్గు వినబడి వెనక్కి వచ్చాను. కరువుతీరా ఏడవను కూడా లేదు.

మొన్న సాయంత్రం ఆయన గొంతులో గరగర మొదలైంది. "అక్కా!" అని గోడవైపు అరిచాను. అరిచాక గుర్తొచ్చింది. నేనే ఆయన్ను ఒక పక్కకు తిప్పి, నోరు తుడిచాను. ఊపిరి కుదుటపడింది. మళ్లీ వస్తుంది, తెలుసు. వస్తే మళ్లీ తిప్పుతాను.

దీపం పెట్టే వేళయినా లేవలేదు. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నా చెయ్యి పైకి లేస్తోంది, దిగుతోంది.